పెట్టె మారింది, జబ్బు మారలేదు

"పాత సర్వర్‌ని వర్చువల్ మెషీన్ చేసేశాం, మైగ్రేషన్ కంప్లీట్" అని స్టేటస్ మెయిల్ కొట్టే వాళ్ళందరితో నాకో పేచీ ఉందండీ. మీరు చేసింది మైగ్రేషన్ కాదు. ముసలాయన్ని మంచంతో సహా ఎత్తుకెళ్ళి అపార్ట్‌మెంట్లో దించారు, అంతే.

మాది బనగానపల్లె. మా దగ్గర మంచి మామిడి చెట్టు ఉంటే దాని కొమ్మ తీసుకుని కొత్త మొక్క మీద అంటు కడతారు. కాయ అదే, వేరు కొత్తది. పీటూవీ దీనికి తలకిందులు. ముసలి చెట్టుని వేరుపురుగుతో సహా పెకలించి కొత్త కుండీలో పెట్టడం! విండోస్ సర్వర్ 2003కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2015 జూలై 14న ఆగిపోయింది. దాన్ని ఏ హైపర్‌వైజర్ మీద పడుకోబెట్టినా ప్యాచ్‌లు రావు. (2003లో నేను ఒకటో తరగతి. ఆ ఓఎస్ ఇంకా నా నెత్తి మీదే ఉంది.)

పీటూవీ అసలు వద్దనడం లేదు. మా ఊళ్ళో ఒక నాపరాళ్ళ పాలిషింగ్ యూనిట్ ఉంది. రాతి దుమ్ము, ఎండ, కరెంటు కోతలు. అక్కడ టవర్ సర్వర్ అన్నేళ్ళు బతకడమే గొప్ప. డిస్క్ చావబోతోంది, అప్లికేషన్ రాసినాయన పత్తా లేడు, ఇన్‌స్టాలర్ సీడీ లేదు. అప్పుడు చేయాల్సింది పీటూవీయే.

కానీ ఎలా చేశారో చూడండి. డేటాబేస్ సర్వీస్ ఆపకుండా, మెషీన్ నడుస్తుండగానే క్లోన్ తీశారు. వీఎంలో నెట్‌వర్క్ కార్డు కొత్తది కదా, పాత స్టాటిక్ ఐపీ కనపడని పాత అడాప్టర్‌కే అతుక్కుపోయింది, కొత్తదానికి డీహెచ్‌సీపీ వేరే అడ్రస్ ఇచ్చింది. పాత పెట్టెని ఎవరూ ఆపలేదు. కౌంటర్లో సిస్టమ్స్ అన్నీ పాత ఐపీకే వెళ్తున్నాయి, బిల్లులన్నీ పాతదాంట్లోనే పడుతున్నాయి. రెండ్రోజుల తర్వాత వెండర్ కుర్రాడు వచ్చి ఐపీ సరిచేసి, పాత డిస్క్ ఫార్మాట్ కొట్టి వెళ్ళిపోయాడు. రెండ్రోజుల బిల్లులు గోవిందా! అకౌంట్స్ అక్క కార్బన్ కాపీలు ముందేసుకుని అన్నీ మళ్ళీ టైపు చేసింది. వెండర్ ఇన్‌వాయిస్‌లో మాత్రం "సక్సెస్‌ఫుల్".

క్లోన్‌కి ముందు డేటాబేస్ ఆపి, విడిగా బ్యాకప్ తీసి, పాతదాని నెట్‌వర్క్ కేబుల్ పీకి, నెల రోజులు డిస్క్ ముట్టుకోకుండా ఉంచాలి. ఇది రాకెట్ సైన్సేమీ కాదు. కాకపోతే ఒక ఆదివారం పోతుంది.

"వీఎం అయ్యాక ఇక దిగులు లేదు" అనేది ఇంకో భ్రమ. 2022 ఫిబ్రవరిలో వీఎంవేర్ తన కన్వర్టర్‌నే డౌన్‌లోడ్స్ నుంచి తీసేసింది, మళ్ళీ అక్టోబరులో పెట్టింది. 2023 నవంబరులో బ్రాడ్‌కామ్ ఆ కంపెనీని కొనేసింది, డిసెంబరుకల్లా శాశ్వత లైసెన్సులు అమ్మడం ఆపేసింది. బిల్లు చూసి కళ్ళు తిరిగినవాళ్ళు ఇప్పుడు ప్రాక్స్‌మాక్స్‌కీ హైపర్-వీకీ పరిగెడుతున్నారు. పోతూ ఏం మోసుకెళ్తున్నారు? అదే 2003. దెయ్యానికి ఇది మూడో కొంప :)

కాబట్టి మేనేజర్ గారూ, పీటూవీకి క్వొటేషన్ తీసుకునేటప్పుడు ఇంకో లైను రాయించండి: లోపలి ఓఎస్, అప్లికేషన్ ఏ తేదీకి రిటైర్ అవుతాయి, దానికి డబ్బెవరిస్తారు. పాలిషింగ్ యూనిట్ వాళ్ళ కాగితం నేను చూశాను. హోస్ట్ ర్యామ్ ఎంతో రాశారు, యూపీఎస్ ఎంతో రాశారు. ఆ లైను లేదు.