ఎండను మింగే ప్లాస్టిక్

కరెంటు తీగకు ప్లాస్టిక్ తొడుగు ఎందుకు? షాక్ కొట్టకుండా. ప్లాస్టిక్‌లో కరెంటు పారదని బళ్లో చదువుకున్నాం కదా! ఆ పాఠం 1977లో తిరగబడింది. పాలీఎసిటిలీన్ అనే పాలిమర్‌కు అయోడిన్ ఆవిరి పట్టిస్తే అది లోహంలా విద్యుత్తును మోస్తుందని షిరకావా, మెక్‌డయార్మిడ్, హీగర్ కనిపెట్టారు. 2000లో ఆ ముగ్గురికీ నోబెల్ వచ్చింది.

మరి కరెంటును మోసే ప్లాస్టిక్, ఎండ నుంచి కరెంటు తీయలేదా? తీయగలదు. పైగా దాన్ని సిరాలా కరిగించి, పేపరు అచ్చేసినట్టు పల్చటి రేకు మీద అచ్చేయొచ్చు. మిల్లీమీటరులో పదివేలవ వంతు మందం చాలు.

చిక్కంతా ఒకచోటే ఉంది. సిలికాన్ మీద వెలుగు పడితే ఎలక్ట్రాన్ తేలిగ్గా విడివడుతుంది. పాలిమర్‌లో అలా కాదు. ఎలక్ట్రాన్, అది వదిలిన ఖాళీ జంటగా అతుక్కునే ఉంటాయి. వాటిని విడదీయాలంటే ఎలక్ట్రాన్‌ను లాక్కునే మరో పదార్థం పక్కనే ఉండాలి. ఆ జంట నడవగలిగేది సుమారు 10 నానోమీటర్లే. ఈలోగా ఆ పదార్థం తగలకపోతే పీల్చిన వెలుగు వృథా! కానీ ఎండను చాలినంత పీల్చాలంటే పొర 100 నానోమీటర్లన్నా ఉండాలి. ఎలా?

1995లో హీగర్ బృందం చూపిన ఉపాయం మన కంచంలో రోజూ జరిగేదే. అన్నం మీద పప్పు వేసి వదిలేస్తే అడుగు మెతుకులకు అందదు. కలిపితే ప్రతి మెతుక్కీ అంటుతుంది. అలాగే పాలిమర్‌నూ, బంతుల్లాంటి కార్బన్ అణువులనూ కలిపేశారు. అయితే కలపడంలోనే ఉంది నేర్పంతా. ఉండలు కడితే జంటలు విడిపోవు. మరీ కలిసిపోతే కరెంటు బయటికొచ్చే దారులు తెగిపోతాయి.

1986లో కొడాక్ సంస్థలో చింగ్ టాంగ్ రెండు సేంద్రియ పొరలతో చేసిన సెల్ సామర్థ్యం ఒక శాతమే. 2019లో కార్బన్ బంతుల బదులు వై6 అనే కొత్త అణువును పాలిమర్‌తో కలిపితే అది 15 శాతం దాటింది. ఇప్పుడు ప్రయోగశాలల్లోని చిన్న సెల్స్ 20 శాతం దరిదాపుల్లో ఉన్నాయి. అంటే సిలికాన్‌కు దగ్గరగా వచ్చేసినట్టే.

మరి మన డాబాల మీద ఎందుకు కనిపించవు? గాలి, తేమ, చివరికి ఆ ఎండే వాటిని పాడుచేస్తాయి. సిలికాన్ ప్యానెల్‌కు పాతికేళ్ల హామీ ఇస్తున్నారు. కోణార్క్ సూర్యదేవాలయం పేరు పెట్టుకుని 2001లో అమెరికాలో మొదలైన కోనార్కా కంపెనీ, ఈ రేకులు తయారుచేసి కూడా నిలదొక్కుకోలేక 2012లో దివాలా తీసింది.

ఎండను మింగడం ప్లాస్టిక్‌కు వచ్చేసింది. ఎండకు ఓర్చుకోవడమే ఇంకా రావాలి.