అవగాహన లేనిది రైతుకా, అధికారులకా?

ఆదోని, ఎమ్మిగనూరు వైపు ఏ సదస్సు పెట్టినా వేదిక మీది నుంచి మొదట వినపడే మాట: "రైతులకు అవగాహన లేదు". టమోటాకు విచ్చలవిడిగా మందులు కొడుతున్నారట. వేపకషాయం వాడమంటే వినడం లేదట.

వేప గురించి మనకు పాఠాలా? గాదెల్లో వేపాకు వేసి గింజ కాపాడుకున్నది మన అమ్మలు, అవ్వలు. ఆ తెలివి కొత్తది కాదనే, అమెరికా కంపెనీ డబ్ల్యూ.ఆర్. గ్రేస్‌కు 1994లో దక్కిన వేపనూనె పేటెంటును యూరప్ పేటెంట్ కార్యాలయం 2000లో రద్దు చేసింది, 2005లో అప్పీలునూ కొట్టేసింది.

అసలు చిక్కు అరువులో ఉంది. నారు పోసే నాటికి చేతిలో డబ్బుండదు. దుకాణదారు మందు అప్పుకిస్తాడు, అప్పిచ్చినవాడు ఏ డబ్బా చేతిలో పెడితే అదే కొట్టాలి. కాయతొలుచు పురుగుకు ఒకటి, తెల్లదోమకు ఒకటి, పైన టానిక్కు, అన్నీ ఒకే ట్యాంకులో. వేపగింజలు అప్పుకిచ్చే దుకాణం ఈ రెండు ఊళ్ళలో ఎక్కడుందో సదస్సు పెట్టిన అధికారులే చూపించాలి. టమోటా మూడు నాలుగు రోజులకొకసారి కోసే పంట. మందు కొట్టాక ఇన్ని రోజులు ఆగాలని లేబులు చెబుతుంది, పండిన కాయ ఆగదు. కూరగాయలపై మోనోక్రోటోఫాస్ వాడరాదని కేంద్రం 2005లోనే ఉత్తర్వు ఇచ్చింది. దాన్ని అమలు చేయాల్సింది రైతా, తనిఖీ అధికారా?

కషాయం పనిచేస్తుంది, అయితే దాని పద్ధతిలో. వేపలోని అజాడిరక్టిన్ పురుగును పడగొట్టి చంపదు. తిండి మాన్పిస్తుంది, కుబుసం విడవనివ్వదు, గుడ్లు పెట్టడాన్ని తగ్గిస్తుంది. అందుకే గుడ్లు, చిన్న పురుగులు కనపడ్డప్పుడే కొట్టాలి. పురుగు కాయలో దూరాక ఏ కషాయమూ దాన్ని అందుకోలేదు. ఎకరాకు 10 కిలోల వేపగింజల పొడిని రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, గుడ్డలో వడగట్టి, కొంచెం సబ్బుపొడి కలిపి 200 లీటర్లు చేసుకోవాలి. ఎండకు దాని సత్తువ పోతుంది కనుక సాయంత్రమే కొట్టాలి. 16 సాళ్ళ టమోటాకు ఒక సాలు బంతి వేస్తే కాయతొలుచు తల్లిపురుగు అటు మళ్ళుతుంది. 2014లో మహారాష్ట్రలో మొదట బయటపడిన టూటా పురుగు ఆకు పొరల మధ్య దాక్కుంటుంది, దానికి వేప ఒక్కటే చాలదు, లింగాకర్షక బుట్టలు కూడా కావాలి. ఒక్క కషాయంతో సర్వరోగాలూ పోతాయనే ప్రచారకులను కూడా నమ్మకండి.

ఇక "బయో" సీసాల సంగతి. ఆకు బొమ్మ, వేప పేరు ఉంటాయి, రిజిస్ట్రేషన్ నంబరు ఉండదు. లోపల రసాయనం కలిపి అమ్ముతున్నారన్న ఆరోపణలు రాష్ట్రంలో ఏళ్ళ తరబడి ఉన్నవే. 1968 క్రిమిసంహారక మందుల చట్టం ప్రకారం వేపమందు అమ్మాలన్నా రిజిస్ట్రేషన్ తప్పదు. అదే చట్టం 38వ సెక్షన్ సొంత చేలో వాడుకునే రైతును మాత్రం మినహాయించింది. అంటే మన కషాయానికి ఎవరి అనుమతీ అక్కరలేదు, వాళ్ళ సీసాకు కావాలి. అడిగేవాళ్ళే లేరు.

కషాయానికి మనుషులు కావాలి. ఈ ప్రాంతంలో పంట అయ్యాక ఇళ్ళకు తాళాలేసి గుంటూరు వైపు, తెలంగాణ వైపు సుగ్గికి పోతారు. వేపపండ్లు రాలేది జూన్, జూలైల్లో, అప్పటికి జనం ఊళ్ళోనే ఉంటారు. ఆ గింజ ఏరించడానికి, ఎండబెట్టి నిల్వ చేయడానికి కూలి ఇవ్వండి. రైతు సేవా కేంద్రంలో వేపగింజల పొడి, లింగాకర్షక బుట్టలు అరువు మీద దొరకాలి. ఎమ్మిగనూరు పక్కనే బనవాసిలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, వాళ్ళను సదస్సు వేదిక దింపి చేల గట్ల మీదికి పంపండి.

పత్తికొండ మార్కెట్లో కిలో రూపాయికి పడిపోయిన రోజులు చూశాం. ఆ ధరకు కోత కూలి కూడా రాదు, మందు లేని కాయకూ, మందు కొట్టిన కాయకూ గంప వెల ఒకటే. టమోటాకు మద్దతు ధర లేదు. శుభ్రంగా పండించినవాడికి పైసా ఎక్కువ ఇవ్వని మార్కెట్, శుభ్రంగా పండించమని ఏ ముఖంతో అడుగుతుంది?

ఈ నెల సంఘం చేపట్టిన పని: రిజిస్ట్రేషన్ నంబరు లేని బయో సీసా కొన్నవాళ్ళు లేబులు, బిల్లు మండల కమిటీకి అందజేయాలి. బిల్లు ఇవ్వనంటే దుకాణం పేరు, తేదీ రాసివ్వండి. అన్నీ కలిపి వ్యవసాయ శాఖకు ఇచ్చి, నమూనాలు తీసి ల్యాబుకు పంపమని లిఖితంగా అడుగుతాం.