మంచివాళ్ల పాపం

మన సంఘాల్లో పాపం మీద ప్రసంగాలకు లోటు లేదు. తాగుడు, జూదం, వ్యభిచారం, అబద్ధం, దొంగతనం. ఈ జాబితా పిల్లలకు కూడా కంఠతా వచ్చు. వీటిలో ఏదీ లేనివాణ్ణి మంచి విశ్వాసి అంటాం. మరి ఆ మంచి విశ్వాసి చేసే పాపం సంగతేమిటి? దాని మీద ప్రసంగం వినడం చాలా అరుదు. తమిళనాడులోని ఒట్టన్‌చత్రం, దాని చుట్టుపక్కల తెలుగు పల్లెలు ఈ ప్రశ్నను మన ముందు పెడతాయి.

దిండిగల్ నుంచి పళని వెళ్లే దారిలో ఉంటుంది ఒట్టన్‌చత్రం. కేరళకు లారీల్లో కూరగాయలు పంపే పెద్ద మార్కెట్ ఉన్న ఊరు. 1955లో డాక్టర్ ఎ.కె. తరియన్, డాక్టర్ జేకబ్ చెరియన్ ఇక్కడ క్రిస్టియన్ ఫెలోషిప్ ఆసుపత్రి ప్రారంభించారు. ఇద్దరూ కేరళ నుంచి వచ్చినవాళ్లు. పట్నంలో సుఖంగా బతకగలిగిన చదువు ఉండి కూడా పల్లె పేదల మధ్య పని ఎంచుకున్నారు. మనిషిలో మంచి అనేదే లేదని బోధించేవాళ్లు ఇలాంటి ఆసుపత్రి గేటు ముందు కాసేపు నిలబడాలి. దేవుడు మనిషిని తన స్వరూపంలో చేశాడని ఆదికాండము చెబుతుంది. పాపం ఆ స్వరూపాన్ని మసకబార్చింది గాని తుడిచెయ్యలేదు. అందుకే యేసు తన ఉపమానంలో మంచి పొరుగువాడిగా యాజకుణ్ణి కాదు, యూదులు చిన్నచూపు చూసే సమరయుణ్ణి చూపించాడు.

ఇదే ప్రాంతంలో మరో సత్యం కూడా ఉంది. కోయంబత్తూరు, దిండిగల్, మదురై వైపు విజయనగర, నాయక రాజుల కాలం నుంచి తెలుగు కుటుంబాలు ఉన్నాయి. భూములున్న కమ్మవారు, రెడ్లు ఇంట్లో తెలుగు మాట్లాడతారు. వాళ్ల పొలాల్లో కూలి చేసిన, తోలు పని చేసిన, నేడు ఊళ్లను ఊడ్చి శుభ్రం చేస్తున్న అరుంధతీయుల్లో చాలామందీ ఇంట్లో మాట్లాడేది తెలుగే. ఇద్దరికీ అమ్మభాష ఒకటే, వీధులు మాత్రం వేరు. తమిళనాడు పడమటి జిల్లాల టీ కొట్లలో దళితులకు వేరే గ్లాసు పెట్టే పద్ధతి గురించి ఎన్నో నివేదికలు వచ్చాయి.

ఆ వేరే గ్లాసు పెట్టేవాడు రాక్షసుడేమీ కాదు. పొరుగింట్లో జబ్బు చేస్తే ముందు పరిగెత్తేది అతనే కావచ్చు. గుడికో చర్చికో చందా ఇచ్చేవాడే కావచ్చు. తాతల నాటి నుంచి వస్తున్న పద్ధతి కాబట్టి తాను తప్పు చేస్తున్నానని అతనికి అనిపించదు. పాపానికున్న బలం ఇదే. ఒక్కడు చేస్తే నేరం అంటాం, ఊరంతా చేస్తే ఆచారం అంటాం. ఆచారమయ్యాక పశ్చాత్తాపపడేవాడే ఉండడు.

బైబిలుకు ఈ పాపం బాగా తెలుసు. అంతియొకయలో పేతురు అన్యజనులతో కలిసి భోజనం చేసేవాడు. యెరూషలేము నుంచి కొందరు రాగానే వాళ్లకు భయపడి ఆ పంక్తి నుంచి తప్పుకున్నాడు. అతన్ని చూసి మిగతా యూదులు, చివరికి బర్నబా కూడా తప్పుకున్నారు. పేతురు దుర్మార్గుడు కాడు, అపొస్తలుడు. అయినా పౌలు అందరి ఎదుట నిలదీశాడు. ఎందుకంటే చెడిపోయింది ఒక పూట భోజనం కాదు, సువార్తే. గలతీ పత్రిక రెండో అధ్యాయం మళ్లీ చదవండి. పంక్తి ఎక్కడ విడిపోతే అక్కడ సువార్తను కాదన్నట్టే.

మన సంఘాలు దీనికి అతీతం కాదు. తిరుచ్చి మేలపుదూర్ కాథలిక్ శ్మశానంలో దళితుల సమాధులకూ మిగతావాళ్ల సమాధులకూ మధ్య గోడ కట్టారు. పునరుత్థానం ఉందని నమ్మేవాళ్లే చనిపోయినవాళ్లను కూడా విడదీశారు. తెలుగు నేల మీద ఎన్ని ఊళ్లలో మాల చర్చి, మాదిగ చర్చి వేరువేరుగా లేవు?

మనిషి మంచివాడే అనుకుంటే చట్టం అవసరం లేదనిపిస్తుంది. పాపి మాత్రమే అనుకుంటే చట్టం వల్ల లాభం లేదు, పరలోకం కోసం ఎదురుచూద్దాం అనిపిస్తుంది. రెండూ సోమరితనానికే దారి తీస్తాయి. మనిషి పాపి కాబట్టి చట్టం కావాలి. దేవుని స్వరూపం కాబట్టి అతను మారతాడని ఆశపెట్టుకోవచ్చు. తమిళనాడు 2009లో ఎస్సీల 18 శాతం రిజర్వేషన్‌లో 3 శాతం అరుంధతీయులకు కేటాయించింది. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఎస్సీల ఉపవర్గీకరణ చెల్లుతుందని తీర్పు చెప్పింది. చేతులతో మలం ఎత్తించడాన్ని నిషేధిస్తూ 2013లో చట్టం వచ్చింది. అయినా మురుగు గుంటల్లో దిగి ఊపిరాడక చనిపోతూనే ఉన్నారు. అలా చనిపోయినవారి కుటుంబానికి 30 లక్షల రూపాయలు ఇవ్వాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆదేశించాల్సి వచ్చింది. చట్టం చెయ్యి పట్టుకుని ఆపగలదు, మనసును మార్చలేదు.

మారిన మనసు ఊరికే కూర్చోదు. కోలార్ బంగారు గనుల ఊళ్లో, పారిశుద్ధ్య పని చేసే తెలుగు దళిత క్రైస్తవ కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ ఆ పనిని తలరాత అనుకోలేదు, అన్యాయం అన్నాడు. సఫాయి కర్మచారి ఆందోళన్ ద్వారా జీవితమంతా దాని మీదే పోరాడాడు. 2016లో ఆయనకు రామన్ మెగసెసే అవార్డు వచ్చింది.

జక్కయ్య కథ గుర్తు తెచ్చుకోండి. యేసు ఇంటికి వచ్చినందుకు అతను పాట పాడి ఊరుకోలేదు. ఆస్తిలో సగం బీదలకిస్తానని, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానని లెక్క చెప్పాడు. ఆ ఇంటికి రక్షణ వచ్చిందని ప్రభువు అప్పుడు ప్రకటించాడు. మారుమనస్సు అంటే కన్నీళ్లతో పాటు లెక్క కూడా.

మన లెక్క కూడా చూద్దాం. మన చర్చి మరుగుదొడ్డి కడిగేది ఎవరు, వాళ్లకు నెలకు ఎంత ఇస్తున్నాం? పాస్టరు గారు ఎవరి ఇంట్లో భోంచేస్తారు, ఎవరి ఇంట్లో ప్రార్థన మాత్రం చేసి వచ్చేస్తారు? మన పిల్లల పెళ్లి సంబంధాలు ఏ గీత దాటవు? ఈ ప్రశ్నలు వచ్చే సంఘ కమిటీ మీటింగులో అడగండి. జవాబులు మనల్ని ఇబ్బంది పెడతాయి. పెట్టాలి కూడా. ప్రభువు బల్ల దగ్గర రెండు గ్లాసులు లేవు. ఆ బల్ల దగ్గరికి వెళ్లేవాళ్ల ఇళ్లలోనూ ఉండకూడదు.