మన పెరడు: కుండీలో కరివేపాకు



పోయిన సంచికలో ఈ శీర్షిక కింద గోంగూర గురించి రాస్తే, ఆ తరవాత కలిసినవాళ్ళంతా ఒకటే ప్రశ్న వేశారు: "గోంగూర సరేనండీ, కరివేపాకు సంగతేమిటి?" అని. గోంగూరతో పెద్ద పేచీ లేదు. వేసవిలో మడిలో పెరుగుతుంది, మంచు పడగానే పోతుంది, మళ్ళీ ఏడు మళ్ళీ గింజలు చల్లుకుంటాం. కరివేపాకు అలా కాదు. మన మిషిగన్ చలికి నేలలో బతకదు. వేసవిలో డెక్కు మీదికీ, చలికాలంలో ఇంట్లోకీ ఏళ్ళ తరబడి తిప్పుకోవలసిన చెట్టు. దాని బతుకంతా కుండీలోనే. అందుచేత కరివేపాకు గురించి రాయటమంటే ముందుగా కుండీ గురించి రాయటమే. ఈ విషయం నాకు నష్టపోయాక తెలిసింది.

నేను సివిల్ ఇంజనీరుని. రోడ్ల మీద పడ్డ వాననీరు ఎటు పోవాలో లెక్కలు కట్టటం నా ఉద్యోగం. అలాంటివాణ్ణి, ఒక కుండీలో నీళ్ళు ఎటు పోతాయో తెలియక మా అమ్మ పెంచిన చెట్టుని చంపాను.

2017లో అమ్మ తెనాలి నుంచి వచ్చి ఆరు నెలలు మా దగ్గర ఉంది. రాగానే జానెడు కరివేపాకు మొక్క ఒకటి కొనిపించుకుని, పది అంగుళాల ప్లాస్టిక్ కుండీలో పెట్టింది. అక్టోబరులో విమానం ఎక్కేనాటికి అది మూడడుగులు పెరిగింది. వెళ్ళేముందు మొదట్లో వచ్చిన పిలక ఒకటి వేళ్ళతో సహా తీసి, మన సంఘంలోనే ఉన్న ఒక అక్కయ్యగారికి ఇచ్చింది. నాకు చెట్టు అప్పగించి, "దీనికి అన్నం పెట్టినట్టు పెట్టకురా, ఆకలేసినప్పుడు పెట్టు" అంది. అప్పుడు అర్థం కాలేదు.

మరుసటి వసంతంలో నాకు ఉత్సాహం వచ్చింది. పెద్ద కుండీలో పెడితే పెద్ద చెట్టు అవుతుంది కదా అనుకున్నాను. విస్కీ పీపాని సగానికి కోసి అమ్ముతారు, చూసే ఉంటారు. ఈ దేశపు చట్టం ప్రకారం బూర్బన్‌ని లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాల్లోనే నిలవ చెయ్యాలి. ఒకసారి వాడిన పీపా మళ్ళీ బూర్బన్‌కి పనికిరాదు. ఆ పాత పీపాల్లో కొన్ని ఇలా తోటలకి చేరతాయి. పూర్తి పీపా 53 గాలన్లు, సగం అంటే సుమారు 26. డెక్కు మీద మరకలు పడతాయని దానికి అడుగున చిల్లులు పెట్టలేదు. బదులుగా "డ్రైనేజీ కోసం" ఆరంగుళాల మందాన కంకర పరిచాను. పైన పెరటి మట్టి నింపాను. పది అంగుళాల కుండీలోని మొక్కని తీసుకెళ్ళి ఆ సముద్రంలో పెట్టాను.

జూన్‌లో వానలు పడ్డాయి. ఆకులు పసుపుపచ్చగా మారాయి. నీళ్ళు చాలటం లేదనుకుని ఇంకా పోశాను. జులైలో చెట్టుని పట్టుకుని లాగితే ఊడి చేతిలోకి వచ్చింది. వేళ్ళు నల్లగా, మెత్తగా, మురుగు వాసన కొడుతూ ఉన్నాయి.

ఆదివారం ఉదయం ఫోన్లో అమ్మ ఎప్పటిలాగే అడిగింది, "చెట్టు ఎలా ఉందిరా?" అని. "బాగుందమ్మా" అన్నాను. తరవాతి ఆదివారమూ అదే మాట. అలా దాదాపు పది నెలలు.

ఇక నేను చేసిన తప్పులు ఒక్కొక్కటే చెబుతాను. మీరు చెయ్యకుండా ఉంటారని.

మొదటిది కంకర. మనలో చాలామంది కుండీ అడుగున రాళ్ళో పెంకులో వేస్తారు, నీళ్ళు బాగా దిగుతాయని. నిజానికి జరిగేది తలకిందులు. సన్నటి రంధ్రాలున్న మట్టి నీటిని పట్టుకుని ఉంటుంది. దాని కింద పెద్ద ఖాళీలున్న కంకర ఉంటే, పైమట్టి అడుగుభాగం పూర్తిగా నానేదాకా నీరు ఆ కంకరలోకి దిగదు. అంటే ఎప్పుడూ తడిగా ఉండే పొర వేళ్ళకి ఇంకా దగ్గరగా పైకి వస్తుంది. విచిత్రమేమిటంటే రోడ్ల కింద మేము కంకర వేసే కారణాల్లో ఒకటి ఇదే. కింది తడి పైకి ఎక్కకుండా అది అడ్డుకుంటుంది. అదే కంకర కుండీలో పై తడిని కిందికి పోనివ్వదని నాకు తట్టలేదు.

నమ్మకం కుదరకపోతే వంటింట్లోనే చూడండి. గిన్నెలు తోమే స్పాంజిని బాగా తడిపి చేతిలో పడుకోబెట్టి పట్టుకోండి. కారటం ఆగాక దాన్ని నిలువుగా నిలబెట్టండి. మళ్ళీ నీళ్ళు కారతాయి. స్పాంజి అదే, ఎత్తు మారింది. కుండీ కూడా అంతే. లోతు ఎక్కువున్న కుండీలో పైభాగం బాగా ఆరుతుంది. పళ్ళెంలా వెడల్పుగా, లోతు తక్కువగా ఉన్నది తడిగానే ఉంటుంది. కాబట్టి కంకర మానండి. చిల్లుల్లోంచి మట్టి జారుతుందని భయమైతే కిటికీ దోమతెర ముక్క ఒకటి వేస్తే చాలు.

రెండోది చిల్లులు. పీపా లాంటివాటికి అర అంగుళం డ్రిల్లుతో ఐదారు చిల్లులు తప్పనిసరి. కింద నేలకి అంటకుండా ఇటుక ముక్కలో, కుండీ కాళ్ళో పెట్టండి. ఇంట్లో పళ్ళెం పెట్టుకోవచ్చు గాని, నీళ్ళు పోసిన అరగంటకి అందులో నిలిచినది పారబొయ్యాలి.

మూడోది సైజు. చిన్న మొక్క పెద్ద కుండీలో ఉంటే, దాని వేళ్ళు తాగలేనంత నీరు చుట్టూ నిలిచిపోతుంది. పాత కుండీకన్నా రెండంగుళాలు ఎక్కువ వెడల్పున్నది చాలు. రెండు మూడేళ్ళకోసారి, వేళ్ళు కిందినుంచి బయటికి వస్తున్నప్పుడు మార్చండి. అందుకు వసంతమే తగిన సమయం. చివరికి 18 అంగుళాల వెడల్పు, 16 అంగుళాల లోతు ఉన్న కుండీ ఇంట్లో పెట్టుకునే చెట్టుకి సరిపోతుంది. అది దాదాపు 17 గాలన్లు పడుతుంది. నింపటానికి రెండుంపావు ఘనపుటడుగులకి పైగా మట్టి మిశ్రమం కావాలి. సంచుల మీద ఘనపుటడుగులే రాస్తారు కనుక ఈ లెక్క చూసుకుని కొనండి.

నాలుగోది మట్టి. పెరటి మట్టి కుండీలో నాలుగు వానలకి ఇటుకలా బిగుసుకుంటుంది. కొట్లో "టాప్ సాయిల్", "గార్డెన్ సాయిల్" అని రాసినవి కూడా నేలకోసమే. "పాటింగ్ మిక్స్" అని ఉన్నదే తెచ్చుకోండి. నేను వాడేది మూడు పాళ్ళు పాటింగ్ మిక్స్, ఒక పాలు పైన్ చెట్టు బెరడు సన్న ముక్కలు, ఒక పాలు పెర్లైటు. పెర్లైటు దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు, ముందుగా నీళ్ళు చిలకరించాకే కలపండి. పీట్ మాస్ బాగా ఎండితే నీటిని పట్టదు, కాబట్టి మిశ్రమాన్ని గోరువెచ్చటి నీళ్ళతో తడిపి నింపండి. పైన రెండంగుళాలు ఖాళీ వదలండి.

ఇక కుండీ దేనితో చేసిందైతే మంచిది? మట్టి కుండీ అందంగా ఉంటుంది, త్వరగా ఆరుతుంది. కాని గోడల్లో నీరు పీల్చుకుంటుంది. నీరు గడ్డకడితే సుమారు తొమ్మిది శాతం ఉబ్బుతుంది. అందుకే శీతాకాలం బయట వదిలేస్తే పగులుతుంది. మన అవసరానికి తేలికపాటి ప్లాస్టిక్ లేక ఫైబర్‌గ్లాస్ నయం. 18 అంగుళాల కుండీ తడిసిందంటే నూరు పౌన్లు దాటుతుంది. నింపకముందే చక్రాల పీట మీద పెట్టుకోండి. మా ఆవిడ డాక్టరు. "మీ చెట్టు సంగతి నాకు తెలియదుగాని, మీ నడుముకి మందు రాయాల్సింది నేనే" అని ఏటా సెప్టెంబరులో హెచ్చరిస్తుంది. డెక్కు మీద పెద్ద కుండీలు రెండు మూడు ఉంటే నడిమధ్యన గుంపుగా కాకుండా, స్తంభాలకి దగ్గరగా పెట్టండి. మామూలుగా ఇళ్ళ డెక్కులు చదరపుటడుగుకి 40 పౌన్ల బరువుకి లెక్కవేసి కడతారు.

నీళ్ళ సంగతి అమ్మ చెప్పిందే. క్యాలెండరు చూసి పొయ్యకండి. వేలు రెండంగుళాలు గుచ్చి చూడండి. పొడిగా ఉంటేనే, అడుగునుంచి కారేదాకా పొయ్యండి. కుండీ అంచున తెల్లటి ఉప్పు పేరుకుంటే రెండు మూడుసార్లు నీళ్ళతో కడిగేయండి. కొత్త ఆకులు పసుపుపచ్చగా, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉంటే అది సాధారణంగా ఇనుము లోపం. కీలేటెడ్ ఐరన్ వెయ్యండి. ఎరువు వసంతం నుంచి సెప్టెంబరు దాకానే.

రాత్రి చలి 50 డిగ్రీలకి దిగకముందే చెట్టుని లోపలికి తెచ్చి, దక్షిణం వైపు కిటికీ దగ్గర పెట్టండి. హీటరు గాలికి కొన్ని ఆకులు రాలతాయి, కంగారుపడి నీళ్ళు పెంచకండి. ఆకుల వెనక సన్నటి సాలెగూళ్ళు కనిపిస్తే అవి ఎర్రనల్లి. బాత్‌టబ్బులో పెట్టి షవరుతో కడిగితే చాలావరకు పోతాయి. మే నెలాఖరున మళ్ళీ బయట పెట్టేటప్పుడు మొదటి పదిరోజులు నీడలో ఉంచండి.

ఒక ముఖ్యమైన విషయం. ఇండియానుంచి మొక్కలూ, తాజా ఆకులూ సంచుల్లో తేవద్దు, అది నిషిద్ధం. ఊరికే పెట్టిన నిబంధన కాదు. కరివేపాకు నిమ్మజాతి. నారింజ తోటలని నాశనం చేసే గ్రీనింగ్ తెగులుని మోసే సిల్లిడ్ అనే చిన్న పురుగుకి కరివేపాకంటే మహా ఇష్టం. ఆ పురుగు 1998లో ఫ్లారిడాలో కనబడింది, తెగులు 2005లో. కాలిఫోర్నియాలో 2012లో మొదటి చెట్టుకి తెగులు బయటపడింది. ఆ వైపు చుట్టాలింటికి వెళ్ళినప్పుడు మొక్కని కారులో వేసుకుని రాకండి. అనుమతులున్న నర్సరీలోనో, మన ఊళ్ళోనే మిత్రుల దగ్గరో తీసుకోండి.

మిత్రుల దగ్గర అంటే గుర్తొచ్చింది. 2019 మేలో అమ్మ మళ్ళీ వస్తోందని తెలిసి, అక్కయ్యగారింటికి వెళ్ళి జరిగింది చెప్పాను. ఆవిడ నవ్వలేదు. అమ్మ ఇచ్చిన పిలక అప్పటికి నడుమెత్తు పెరిగి, మళ్ళీ పిలకలు వేసింది. ఒకటి తీసి ఇచ్చారు. ఈసారి చిన్న కుండీలోనే పెట్టాను.

అమ్మ వచ్చిన రోజే డెక్కు మీదికి వెళ్ళి చూసింది. మూడడుగుల చెట్టు ఉండాల్సిన చోట మూరెడు మొక్క. అప్పుడు నిజం చెప్పాను. కాసేపు ఆకులు తడుముతూ నిలబడి, "చెట్టు పోతే పోయింది, ఫోన్లో చెబితే నాలుగు తిట్లు తిట్టేదాన్ని గదరా" అంది. తరవాత కుండీ పక్కకి వంచి అడుగున చిల్లులు లెక్కపెట్టింది.

ఇప్పుడు ఆ చెట్టు నా భుజం దాకా వచ్చింది. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, అంతదూరం ప్రయాణం చెయ్యలేనంటోంది. ఆదివారాలు వీడియోలో చెట్టు చూపించమంటుంది. ముందు ఆకులు కాదు, కుండీ కింద పళ్ళెం చూపించమంటుంది, నీళ్ళు నిలిచాయేమోనని.

మా చెట్టుకి ఈ ఏడు నాలుగు పిలకలు వచ్చాయి. కావలసినవారు ఉగాది పండగనాడు హాల్లో నన్ను కలవండి. కుండీకి చిల్లులున్నాయని చెబితేనే ఇస్తాను.