కొసరు ఫోన్‌లో రాదు

మా చదువంతా తమిళ మీడియం. తెలుగు రాయడం రిటైరయినాక నేర్చుకున్నదే. తప్పులుంటే సర్దుకొని చదవండి.

పోయిన నెల కూటంలో ఒక మాట వచ్చింది. వయసైనవాళ్ళు అంగడికి పోయి అవస్థ పడనక్కరలేదు, ఫోన్‌లో సరుకులు తెప్పించుకోవడం అందరికీ నేర్పిద్దాము అని. మంచి మనసుతో చెప్పిన మాటే. మేము అక్కడ ఊరికే ఉంటిమి. ఇంటికి వచ్చినాక, చెప్పకపోతిమే అని మనసు ఊరుకోలేదు.

మేమంటే తిరుచ్చిలో ఒకే రైల్వే ఆఫీసులో గుమాస్తాలుగా పనిచేసి రిటైరయిన ముగ్గురం. ఉద్యోగంలో చేరిన కొత్తలో సైకిల్ అడ్వాన్సు ఇచ్చేవాళ్ళు. అది తీసుకొని ముగ్గురమూ సైకిళ్ళు కొంటిమి. నెలనెలా జీతంలో పట్టుకున్నారు. ఏడో పే కమిషన్ తర్వాత ఆ అడ్వాన్సే ఎత్తేశారు. మా సైకిళ్ళు మాత్రం ఉన్నాయి. టైర్లు మారినాయి, సీటు మారింది, ఫ్రేము అదే.

ఆదివారం పొద్దున ముగ్గురమూ పొన్మలై సంతకు పోతాము. కాలనీ రోడ్లలో చెట్ల నీడ ఉంటుంది, ఎండ ఎక్కకముందే తిరిగి రావచ్చు. గుమ్మడికాయ, టెంకాయలు వెనక క్యారియర్ మీద. ఎర్రగడ్డలు, ఉర్లగడ్డలు హ్యాండిల్‌కు రెండు పక్కలా సరిసమానంగా. ఒక పక్క బరువు ఎక్కువైతే సైకిలే చెప్తుంది. టమాటాలు, ఆకుకూర అన్నిటికంటే పైన. ఇంతకు మించి కొనలేము. అందుకే మా ఇండ్లలో కుళ్ళి పారేసేది తక్కువ. ఫోన్‌కు బరువు తెలియదు. ఇంకో వందకు కొంటే డెలివరీ ఉచితం అంటుంది, మనమూ అక్కరలేనిది కొంటాము.

సంచి సంగతి కూడా చెప్పాలి. పసుపు సంచి తగిలించుకొని పోతే పట్నం పిల్లలు నవ్వేవాళ్ళు. 2019లో మన రాష్ట్రంలో ప్లాస్టిక్ సంచులు నిషేధించినారు. 2021లో మళ్ళీ మంజప్పై పట్టుకోండని ప్రభుత్వమే చెప్పింది. మేము దాన్ని వదిలింది ఎప్పుడు?

ఇక అసలు మాట. రెండేండ్ల కింద మాలో ఒకాయన సైకిల్ మీద నుంచి పడినాడు. ఎముక విరగలేదు, మోకాలు వాచింది. కొడుకు భయపడి తాళం దాచిపెట్టినాడు. తప్పు అనలేము, మా పిల్లలైనా అదే చేస్తారు. ఆరు నెలలు అన్నీ ఫోన్‌లోనే వచ్చినాయి. సరుకులో లోపం లేదు. మనిషే వాడిపోయినాడు. భార్య పోయి చాన్నాళ్ళయింది. కోడలు తమిళ పిల్ల, బంగారం లాంటిది, మనవళ్ళు ఇంగ్లీషులో మాట్లాడతారు. సంతలో ఆకుకూరలు అమ్మే ఆమె ఇంట్లో తెలుగే. వారానికొకసారి ఆమెతో ఆడే నాలుగు మాటలే ఆయన తెలుగు అని మాకు అప్పటిదాకా తోచలేదు. ఆమే అడిగింది, "పెద్దాయన ఏడి, ఊర్లో లేడా?" అని.

ఆ మాట పోయి చెప్తిమి. మరుసటి ఆదివారం తాళం బయటికి వచ్చింది. ఒకటే షరతు: తొక్కకూడదు. ఇప్పుడు ఆయన సైకిల్ తోసుకుంటూ వస్తాడు. ఊతకర్రా అదే, బండీ అదే. ఆయన కోసం మేమూ దిగి తోసుకుంటూ నడుస్తాము. అరగంట ఆలస్యమవుతుంది, కానీ మాటలు ఎక్కువవుతాయి.

ఆ ఆకుకూరల దగ్గర తోటకూర, గోంగూర, మునగాకు, పొన్నగంటి అని పేరు పెట్టి అడగాలి. ఫోన్‌లో బొమ్మ మీద వేలు పెడితే చాలు, పేరు అక్కరలేదు. పిలవని పేరు ఎన్నాళ్ళు ఉంటుంది? ఇన్ని తరాలుగా ఈ నేల మీద మన భాష నిలిచింది వంటింట్లో, అంగట్లోనే. బడిలో కాదు. మాకది బాగా తెలుసు.

చివర ఆమె పిడికెడు కరివేపాకు సంచిలో పడేస్తుంది. మనం కొసరు అంటాము, తమిళంలో కొసురు అంటారు. ఏ భాషలో అడిగినా ఇస్తారు. బిల్లులో ఉండదు.

మోకాళ్ళు సహకరించని వాళ్ళకు ఫోన్ వరమే. ఎండలో సరుకులు తెచ్చే పిల్లల మీద మాకు కోపం లేదు, వాళ్ళదీ బతుకుతెరువే. సంఘం ఫోన్ క్లాసు పెట్టనీ, మేమూ వస్తాము. కానీ దాంతోపాటు నెలకొక ఆదివారం మనవళ్ళను, మనవరాళ్ళను తోడుకొని సంతకు పోదాము. ఒక్కొక్క బిడ్డ ఒక్కొక్క ఆకుకూర తెలుగు పేరుతో అడిగి కొనాలి. ఖర్చు ఎంత, ఒక కట్ట ఆకుకూర.

సైకిల్ లేనివాళ్ళు నడిచి రండి. సంచి మరవకండి.