తండా ఓటు

పాఠశాల వార్షిక పత్రికలో ఎన్నికల ప్రసంగమేల యని చదువరులలో గొందఱడుగవచ్చును. మా తరగతులలో గూర్చుండు పిల్లలలో ననేకులు తండాలనుండి వచ్చువారు. లోకసభ యెన్నికలు వచ్చినప్పుడెల్ల వారి తలిదండ్రులను గూర్చి సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ బజారులలో నొక ప్రశ్న వినబడుచుండును: "ఈ తూరి తండా ఓటు ఎటు?" అడుగువారికి దురుద్దేశము లేకపోవచ్చును గాని, ఆ ప్రశ్నయే తప్పని మా యభిప్రాయము.

తండాల బలము చిన్నది కాదు. 2011వ సంవత్సరపు జనాభా లెక్కలనుబట్టి పూర్వపు నల్లగొండ జిల్లాలో నూటికి 11 మందికి పైగా షెడ్యూల్డు తెగలవారు. వారిలో లంబాడీలే మిక్కిలి యధికులు. నల్లగొండ లోకసభ స్థానమున జేరిన యేడు శాసనసభా నియోజకవర్గములలో దేవరకొండ యొక్కటియే తెగలకు ప్రత్యేకింపబడినది. లోకసభ స్థానము మాత్రము మహబూబాబాదు, ఆదిలాబాదుల వలె ప్రత్యేకింపబడినది కాదు. కావున నిక్కడి లంబాడీలు ఢిల్లీకి దమవానిని బంపుటకంటె, ఇతరులలో నెవరు పోవలయునో తేల్చుటయందే యెక్కువ శక్తి గలవారు.

ఢిల్లీతో తండాకు బనియేమి యందురా? కోదాడ కథ వినుడు. ఎడ్లమీద నుప్పును ధాన్యమును మోసి దేశమంతట దిరిగిన యీ జనులు, రైళ్లును రోడ్లును వచ్చి ఆ వర్తకము చెడిన పిమ్మట నెక్కడివారక్కడ నిలిచిపోయిరి. 1956లో తెలంగాణమును ఆంధ్రమును నొక్క రాష్ట్రమైనను షెడ్యూల్డు తెగల పట్టికలు మాత్రము రెండుగానే నిలిచినవి. జగ్గయ్యపేట దిక్కున నుండు సుగాలి షెడ్యూల్డు తెగవాడు. సరిహద్దు కీవల కోదాడ తండాలోని యతని మేనమామ కాడు! భాష యొక్కటే, తీజు పండుగ యొక్కటే, పిల్లనిచ్చి పుచ్చుకొనుటయు గలదు. అయినను నొకని బిడ్డకు విద్యార్థివేతనము వచ్చును, రెండవవాని బిడ్డకు రాదు. ఇరువది యేండ్లిట్లు గడచిన తరువాత 1976లో పార్లమెంటు చట్టము చేసి ఆ గీతను జెరిపివేసెను. రాజ్యాంగము 342వ అధికరణము ప్రకారము రాష్ట్రపతి ప్రకటించిన పట్టికలో నొక తెగను జేర్చుటకైనను, దీసివేయుటకైనను పార్లమెంటునకే యధికారము. నేటికిని ఈ జనులే కర్ణాటకమున షెడ్యూల్డు కులము, మహారాష్ట్రమున విముక్త జాతి. 2017లో ఆదిలాబాదు సీమలోని గోండులు మొదలగువారు లంబాడీలను బట్టికనుండి తొలగింపవలయునని పెద్ద యాందోళనము చేసిరి. ఆ తగవులోని న్యాయాన్యాయములు వేఱు ప్రసంగము. తండాలోని బాలిక చదువు ఏ సభలో దీసికొను నిర్ణయముపై నాధారపడియున్నదో చూపుటయే మా యుద్దేశము.

ఇంతటి పని గల యోటరులతో నభ్యర్థులు మాటాడు భాష యేది? తెలుగు. బండిమీది మైకులో గోర్‌బోలి పాట యొకటి వినిపించి, దిగిన వెంటనే తెలుగున బ్రసంగింతురు. సర్కారు లెక్కలును మేలుగా లేవు. 2011లో దేశమున లంబాడీ మా మాతృభాష యని చెప్పినవారు 32 లక్షలకు పైబడియుండగా, వారినందఱిని హిందీ పద్దు క్రింద వ్రాసికొనిరి. అమెరికా సంయుక్త రాష్ట్రములలో స్పానిషు మాటాడు లాటినో జనుల సంగతి పోల్చి చూడుడు. 1975లో నచ్చట నొక చట్టము చేసి, ఇట్టి భాషలవారు తగినంతమంది యున్న జిల్లాలలో ఓటుపత్రములును ప్రకటనలును వారి భాషలో గూడ నుండవలెనని విధించిరి. అయినను నక్కడి పత్రికలును "లాటినో ఓటు ఎటు?" అనియే యడుగుచుండును. ఫ్లోరిడాలోని క్యూబా సంతతివారు చిరకాలము నొక పక్షమునకు మొగ్గగా, కాలిఫోర్నియాలోని మెక్సికో సంతతివారు మఱియొక పక్షమునకు మొగ్గిరి. భాష యొక్కటైనంత మాత్రమున మనసొక్కటి కాదు.

తండాలో నాయకుడు చెప్పినట్లే యందఱును వేయుదురు గదా యని మాతో వాదించిన పెద్దలు కలరు. ఒకప్పుడది కొంత నిజమే కావచ్చును. కాని యీ జిల్లా చరిత్రము వారికి విరుద్ధముగా సాక్ష్యమిచ్చుచున్నది. దొర చెప్పినట్లే జనులు నడతురనుకొన్న కాలమున, 1952లో, ఈ నల్లగొండ ప్రజలు రావి నారాయణరెడ్డి గారికి 3 లక్షలకు పైగా నోట్లిచ్చి, నెహ్రూ పండితునికంటె నధికముగా దెచ్చుకొన్నవానిగా లోకసభకు బంపిరి. సాయుధ పోరాటమున బ్రాణములిచ్చిన జాటోతు ఠానూ నాయకు తండా బిడ్డయే. 1996లో ఫ్లోరైడు నీటి బాధ దేశమునకు దెలియవలెనని 480 మంది నల్లగొండలో నిలువగా, ఎన్నికనే వాయిదావేసి పుస్తకమంత ఓటుపత్రమును ముద్రింపవలసివచ్చెను! ఇట్టి సీమలో నొక్క పెద్దమనిషి చేతిలో నూఱు గడపల యోట్లున్నవని నమ్ముట వెఱ్ఱి. పైగా 2018వ సంవత్సరపు చట్టమువలన 500 జనాభా గల తండాలు గ్రామపంచాయతులైనవి. ఇప్పుడు ఆడువారును సర్పంచులై, నాయకుని యెదుటనే కుర్చీలో గూర్చుండుచున్నారు.

గడచిన యెన్నికలలో నొక తండాకు బోయిన మాతో నొక యవ్వ తన భాషలో నేమో యనెను. మా విద్యార్థి దానిని దెలుగు చేసి చెప్పెను: "వచ్చినవారందఱు నాయకుని పేరడిగిరి, నా పేరెవరు నడుగలేదు." ఆమె పేరు ఓటరుల జాబితాలో దప్పుగా నచ్చుపడి యుండెను.

అసలు చిక్కు ఇదియే. 2024 మే 13న నిక్కడ పోలింగు జరిగెను. ఎండకాలమున మెట్టభూముల తండాలలో సగమిండ్లకు దాళములుండును. కూలికై హైదరాబాదునకో, పూనాకో పోయినవారు ఒక దినపు కూలియు బస్సు ఖర్చును వదలుకొని రావలయును. వచ్చిన తరువాత జాబితాలో బేరు లేదన్నచో మఱుసటి తూరి వత్తురా?

కావున మా పై తరగతుల పిల్లలకొక పని చెప్పుచున్నాము. పదునేడేండ్లు నిండినవారు ముందుగానే 6వ నమూనా దరఖాస్తు పెట్టుకొనవచ్చును. పదునెనిమిదేండ్ల లెక్కకు ఇప్పుడు జనవరి, ఏప్రిలు, జూలై, అక్టోబరు మాసముల మొదటి తేదీలు నాలుగును బనికివచ్చును. ఈ సెలవులలో మీ తండా జాబితాను దెచ్చి, ఇంటింట జదివి వినిపింపుడు, తప్పులను గుర్తుపెట్టుడు. అభ్యర్థుల కరపత్రములను దెలుగు లిపిలోనే గోర్‌బోలిలోనికి మార్చి వ్రాయుడు. అట్టివి వచ్చినచో మా గ్రంథాలయమున నుంచెదము. తలిదండ్రులును వచ్చి చదివించుకొనవచ్చును.