అణిగిమణిగి ఉండమని ఎవరికి చెబుతున్నాం?

అందాల పోటీలంటే నాకు మొదట్నుంచీ మోజు లేదు. ఆడపిల్లల్ని వరసలో నిలబెట్టి నడకకీ, నవ్వుకీ మార్కులు వెయ్యడమేమిటన్న ప్రశ్న ఈనాటికీ నాలో అలాగే ఉంది. 2025 మే నెలలో హైదరాబాదులో ప్రపంచ సుందరి పోటీలు జరిగినప్పుడు ఒక్కో దేశం అమ్మాయీ తానెంచుకున్న సేవాకార్యక్రమం గురించి చెబుతుంటే, "కిరీటం కోసం కంఠతా పట్టిన పాఠాలు" అని నవ్వుకున్నవాళ్లు మన ఇళ్లలో చాలామందే ఉన్నారు. ఆ నవ్వులో కొంత న్యాయం లేకపోలేదు. అయినా ఒకమ్మాయి సంగతి చెబుతాను, వినండి. ఆమె ఊరూరా తిరిగి చెప్పిన పాఠం తన చిన్నతనంలో తాను పడిన బాధే.

ఆమె పేరు ఎరికా హెరాల్డ్. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రం. 2002 సెప్టెంబరులో అట్లాంటిక్ సిటీలో జరిగిన పోటీలో నెగ్గి 2003 సంవత్సరానికి మిస్ అమెరికా అయింది. ఆ పోటీలో 1989లో ఒక నియమం పెట్టారు. పాల్గొనే ప్రతి అమ్మాయీ ఏదో ఒక సామాజిక సమస్యని తనదిగా ఎంచుకోవాలి. గెలిస్తే ఏడాది పొడవునా దేశం తిరిగి దాని గురించి మాట్లాడాలి. ఎరికా మాట్లాడింది బడిలో పిల్లలు తోటిపిల్లల్ని పెట్టే హింస గురించి.

ఆమె వంశంలో నల్లజాతి, అమెరికా ఆదివాసీ, యూరపు మూలాలు కలిసి ఉన్నాయి. తొమ్మిదో తరగతిలో ఉండగా ఆ కలగలుపే ఆమెకి శాపమైంది. రంగునీ, జాతినీ పట్టుకుని వెక్కిరింపులు, ఆడపిల్లని నలుగురిలో అనకూడని మాటలు. చివరికి ఆమెని చంపడానికి తుపాకీ కొందామా, తలా కొంత వేసుకుందామా అని తోటిపిల్లలు క్లాసులోనే మాట్లాడుకునేదాకా వెళ్లిందట. ఆ సంగతి ఆమే తర్వాత చెప్పింది.

నన్ను ఎక్కువ కలవరపెట్టింది మాత్రం పిల్లల మాట కాదు, ఒక పెద్దాయన మాట. సాయం కోసం వెళ్లిన ఆ పిల్లతో స్కూలు పెద్ద "నువ్వు కూడా మిగతా ఆడపిల్లల్లా కాస్త అణిగిమణిగి ఉంటే ఇదంతా జరగదు కదా" అన్న ధోరణిలో మాట్లాడాడట. ఆఖరికి బడి మారింది ఎవరనుకున్నారు? ఎరికాయే. ఏడిపించినవాళ్లు ఉన్నచోటే ఉన్నారు.

ఈ మాట ఎక్కడో విన్నట్టు లేదూ? "నువ్వే కాస్త సర్దుకుపో." మనకి ఊహ తెలిసినప్పట్నుంచీ వింటున్న మాటే ఇది. బస్టాపులో ఎవడో పిచ్చికూతలు కూస్తే నువ్వు తలొంచుకు రా. ఆఫీసులో ఎవరైనా వెకిలిగా మాట్లాడితే నువ్వు పట్టించుకోకు. అత్తవారింట్లో దెప్పితే నువ్వే ఓర్చుకో. ఈ చదువుకి మొదటి బడి ఎక్కడుందని చూస్తే నాకు ఒకటో తరగతి బెంచీ కనిపిస్తోంది. "అమ్మా, వాళ్లు నన్ను ఏడిపిస్తున్నారే" అని పిల్ల వచ్చి చెప్పినప్పుడు "నువ్వేం చేశావ్?" అని మనం అడిగే మొదటి ప్రశ్న దగ్గరే ఆ చదువు మొదలవుతోంది.

మన భాషలోనే చూడండి. 'ఏడిపించడం' అంటాం. ఆ మాటలోనే ఏడుపు ఉంది, అయినా దాన్ని నవ్వుతూనే వాడతాం. 'ఆట పట్టించడం' అంటాం. ఆడేది ఒకరు, పట్టుబడేది ఇంకొకరు. కాస్త లావుగా ఉన్న పిల్లని బొండాం అనీ, కళ్లద్దాలు పెట్టుకున్న పిల్లాణ్ణి సోడాబుడ్డి అనీ, ఛాయ తక్కువైన పిల్లని కర్రిపిల్ల అనీ పిలవడం మనకి తప్పుగానే తోచదు. ఇంకా పచ్చిగా చెప్పాలంటే, ఈ పేర్లు చాలావాటిని పిల్లలు బడిలో నేర్చుకోరు. ఇంటి దగ్గర, పేరంటాల్లో, పెళ్లి పందిళ్లలో పెద్దవాళ్ల నోటినుంచే నేర్చుకుని బడికి పట్టుకెళతారు. కులం పేరుతోనో, తండ్రి చేసే పని పేరుతోనో పిలిచే పిల్లలకి ఆ మాట ఎవరిచ్చారంటారు?

రంగు మాట వచ్చింది కాబట్టి మన తెలుగమ్మాయి గురించీ చెప్పాలి. విజయవాడ నుంచి వెళ్లిన తల్లిదండ్రులకి అమెరికాలో పుట్టిన నీనా దావులూరి 2013 సెప్టెంబరులో మిస్ అమెరికాగా ఎంపికైంది. భారతీయ మూలాలున్న అమ్మాయికి ఆ కిరీటం దక్కడం అదే మొదటిసారి. అక్కడ ఆమె ఎంచుకున్న అంశం కూడా వేరువేరు సంస్కృతులవాళ్లు ఒకర్నొకరు అర్థం చేసుకోవాలన్నదే. కిరీటం పెట్టిన రాత్రే ట్విట్టర్లో జాతిని పట్టుకుని తిట్లు మొదలయ్యాయి. ఉగ్రవాది అన్నవాళ్లూ ఉన్నారు. ఆమె వాటికి దీటుగా తిట్టకుండా, తాను వాటికి అతీతంగా ఉండాలనీ, తాను ముందుగా అమెరికన్ననీ చెప్పి ఊరుకుంది. అమెరికావాళ్ల తిట్లు చదివి మనం ఇక్కడ మండిపడ్డాం, బాగానే ఉంది. కానీ అదే వారంలో "ఈ రంగుతో మన దేశంలో అయితే మిస్ ఇండియా అయ్యేదా?" అన్న చర్చ ఇక్కడా నడిచింది. ఆ ప్రశ్నకి నిజాయితీగా జవాబు చెప్పుకుంటే మండిపడే హక్కు మనకి ఎంతుందో తెలుస్తుంది. చర్మాన్ని తెల్లబరుస్తామనే క్రీముల మీద నీనా తర్వాత ప్రచారం చేపట్టిందంటే, ఆ అమ్మాయికి సమస్య రెండు దేశాల్లోనూ కనబడిందన్నమాట.

ఎరికా విషయానికొస్తే, కిరీటం వచ్చిన కొన్ని వారాలకే, 2002 అక్టోబరులో, ఇంకో పరీక్ష ఎదురైంది. పెళ్లయ్యేదాకా శారీరక సంబంధాలకి దూరంగా ఉండమని యువతకి చెప్పడం ఆమె అంతకుముందు నుంచీ చేస్తున్న ప్రచారం. ఆ సంగతి ఎత్తవద్దని పోటీ నిర్వాహకులు ఒత్తిడి తెస్తున్నారని ఆమె విలేకరుల ముందే బయటపెట్టింది. తాను బెదిరింపులకి లొంగేదాన్ని కానంది. ఆమె అభిప్రాయంతో మనకి పేచీ ఉండొచ్చు, అది వేరే చర్చ. పిల్లలకి "బెదిరిస్తే నోరు విప్పండి" అని చెప్పే మనిషి తన నోరు తాను మూసుకోకపోవడం నాకు నచ్చింది. స్కాలర్‌షిప్పు డబ్బు సాయంతో హార్వర్డులో లా చదివి 2007లో పట్టా తీసుకుంది. లాయరైంది. 2018లో తన రాష్ట్రంలో అటార్నీ జనరల్ పదవికి పోటీ చేసి ఓడిపోయింది.

ఇలాంటి కథలు చెప్పగానే "చూశావా, ఏడిపించినా ఎంత పైకొచ్చిందో, నువ్వూ అలా గట్టిగా ఉండు" అని పిల్లలకి బోధించడానికి మనం సిద్ధమైపోతాం. దయచేసి ఆ పని చెయ్యొద్దు. దెబ్బ తిన్న పిల్లలందరూ కిరీటం పెట్టుకు తిరిగిరారు. చదువు మానేసినవాళ్లున్నారు, ఫలానా బడి మెట్లెక్కనని మొండికేసినవాళ్లున్నారు, హాస్టలు గదిలో ప్రాణం తీసుకున్నవాళ్లున్నారు. నాకు బాగా తెలిసిన ఒకింటి పిల్ల, ఏడో తరగతి, ఏడాదిపాటు బాత్రూములో నిలబడి మధ్యాహ్నం డబ్బా తింది. అందరితో కూర్చుంటే "ఆ రంగుకి ఆ పెరుగన్నం చూడండే" అని నవ్వేవారట. డబ్బా ఖాళీగా ఇంటికొస్తోంది కదా అని తల్లి సంతోషించింది. చివరికి సంగతి బయటపడింది ఆ పిల్ల చెప్పబట్టి కాదు, బడి ఆయమ్మ చూడబట్టి. క్లాసులో నలభై మందికి తెలుసు. ఒక్కరూ నోరెత్తలేదు.

అసలు కిటుకంతా ఆ నలభై మంది దగ్గరే ఉంది. కెనడాలో పరిశోధకులు బడి ఆటస్థలాల్లో పిల్లల్ని గమనించి 2001లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఒకర్ని ఏడిపించే సందర్భాలు పదింటిలో దాదాపు తొమ్మిదింట్లో చుట్టూ ఇతర పిల్లలున్నారు. అడ్డుపడింది మాత్రం ఐదింట ఒకసారే. కానీ అలా ఎవరో ఒకరు అడ్డుపడినప్పుడు సగానికి పైగా సందర్భాల్లో 10 సెకన్లలో ఏడిపించడం ఆగిపోయింది! పది సెకన్లు అంటే "ఇక చాలు, వదిలెయ్యండ్రా" అనడానికి పట్టే సమయం. నార్వేలో ముగ్గురు మగపిల్లలు ప్రాణాలు తీసుకున్నాక 1983లో దేశమంతటా బడుల్లో ప్రచారం మొదలుపెట్టారు. అక్కడ డాన్ ఓల్వియస్ రూపొందించిన పద్ధతిలోనూ ముఖ్యమైనది ఇదే. బాధపడే పిల్లని బాగుచెయ్యడం కాదు, బడి మొత్తం ఒక కట్టుబాటుకి రావడం. క్లాసులో నియమాలు పెట్టడం, ఆటస్థలంలో పెద్దల కన్ను ఉండటం, ఏం జరిగినా చూసీచూడనట్టు ఊరుకోకపోవడం.

మనకీ చట్టాలు లేకపోలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లోనే ర్యాగింగ్ నిషేధ చట్టం వచ్చింది. కాలేజీల్లో చేరేటప్పుడు పిల్లల చేతా, తల్లిదండ్రుల చేతా హామీపత్రం రాయించుకోవాలని యూజీసీ 2009లో నిబంధన పెట్టింది. విద్యాహక్కు చట్టం పిల్లల్ని కొట్టడాన్నే కాక, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. కష్టంలో ఉన్న పిల్లల కోసం 1098 నంబరుంది. ఇవన్నీ అవసరమే. అయితే ఏడో తరగతి పిల్ల డబ్బా పట్టుకుని బాత్రూములోకి వెళ్లే రోజున ఏ చట్టమూ తనంతట తాను నడిచిరాదు. నడవాల్సింది మనమే.

మరి ఏం చేద్దాం? బడి ఉన్న రోజుల్లోనే పిల్లకి కడుపునొప్పి వస్తోందా, పెన్సిళ్లూ పుస్తకాలూ ఊరికే పోతున్నాయా, ఆటో ఎక్కనని పేచీ పెడుతోందా, ఫోను మోగితే ముఖం మారిపోతోందా, గమనించండి. చెబుతున్నప్పుడు మధ్యలో అడ్డుపడకుండా చివరిదాకా వినండి. "నువ్వేం చేశావ్" అనొద్దు, "చెప్పి మంచిపని చేశావ్" అనండి. ఎప్పుడు, ఎక్కడ, ఎవరు, ఏమన్నారు అన్నది తేదీలతో ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. ముందు క్లాసు టీచరుకి, అక్కడ పనికాకపోతే హెడ్‌మాస్టరుకి ఆ కాగితమే ఇవ్వండి, నకలు మీ దగ్గర ఉంచుకోండి. నోటిమాటకి "చూద్దాంలెండి" అనే జవాబు వస్తుంది, కాగితానికి అలా అనడం కష్టం. వాట్సాప్ గ్రూపులో వెక్కిరిస్తే చెరిపెయ్యకుండా ఫొటో తీసి ఉంచండి. అవతలి పిల్లవాడి ఇంటిమీదికి దండయాత్రకి మాత్రం వెళ్లకండి. రేపు ఆ కోపం మళ్లీ మీ పిల్ల మీదే పడుతుంది.

ఒకవేళ ఫిర్యాదు వచ్చింది మీ పిల్లమీదే అనుకోండి? "మావాడు అలాంటివాడు కాదు" అని మొదటి నిమిషంలోనే తలుపు వేసెయ్యకండి. వాడికి ఆ మాటలు ఎక్కణ్ణుంచి వచ్చాయో మన ఇంట్లోనే వెతకండి. ఏడిపించే పిల్లకి దెబ్బలు కొట్టి బుద్ధి చెబితే, బలమున్నవాడిదే పైచేయి అన్న పాఠం ఇంకోసారి చెప్పినట్టే.

మామూలుగా బడినుంచి వచ్చిన పిల్లల్ని "మార్కులెన్నొచ్చాయి? డబ్బా తిన్నావా?" అని అడుగుతాం. ఇవాళ ఇంకో ప్రశ్న కలిపి చూడండి. "మీ క్లాసులో ఒంటరిగా కూర్చునేది ఎవరు?" జవాబు తప్పకుండా వస్తుంది, పిల్లలకి అన్నీ తెలుసు. "రేపు నువ్వెళ్లి ఆ పిల్ల పక్కన కూర్చో" అని చెప్పండి. ఇంట్లోంచి అంతమాట వెళితే చాలు, ఆ నలభై మందిలో ఒకరు తగ్గుతారు.